పసుపు పూసుకున్న శాస్త్రం

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న బడి ఉండేది. అడవి పెద్దదని అందరూ ఒప్పుకునేవారు గానీ, బడి చిన్నదంటే మాత్రం దాని హెడ్మాస్టరు జాంబయ్యకి ఒళ్లు మండేది. జాంబయ్య ఎలుగుబంటి. "చిన్నదేమిటండీ! ఆ గోల వినండి, గోల! ఇంత గోల పుట్టే బడి చిన్నదెలా అవుతుంది?" అని వాదించేవాడు.

ఆ బడంటే ఆయనకి ప్రాణం. పెళ్లీ పెటాకులూ లేవు. ఇప్పతోపులో తాటాకుల పాక, అందులో పిల్లలు, అంతే ఆయన సంసారం. ఎండాకాలం సెలవుల్లో గోల వినిపించక ఆయనకి జ్వరం వచ్చేదంటే నమ్మండి.

ఆయన పాఠం చెప్పే తీరు కూడా ఒక తీరూ తెన్నూ లేనిది. పిల్లల్ని వెంటేసుకుని గుట్ట మీది తేనెపట్టు దగ్గరికి పోయేవాడు. "గదులన్నీ ఒక్కలాగే ఎందుకున్నాయిరా?" అని అడిగేవాడు. పిల్లలు ఆ గదుల్ని మట్టిలో గీసేవారు. ఒకదానికొకటి అతకక సందులొస్తే, ఎన్ని మూలలుంటే అతుకుతాయో తమలో తామే జుట్టూ జుట్టూ పట్టుకుని తేల్చుకునేవారు. ఆపైన జాంబయ్య తన తాతగారు ఇదే గుట్ట మీద, ఇలాంటి పట్టులోనే మూతి పెట్టి, ఆ వాచిన మూతితోనే పెళ్లిచూపులకి వెళ్లిన వైనం చెప్పేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ఈ పాఠాన్ని ఏమనాలో ఆయనకి తెలీదు. తేనెపట్టు పాఠం అనేవాడు.

ఇలా ఉండగా సింహరాజు పొరుగు అడవిలో ఏదో విద్యా సదస్సుకి వెళ్లాడు. ఉపన్యాసం మొదలవగానే నిద్రపోయాడు, చప్పట్లకి లేచాడు. ఈ రెంటికీ మధ్య చెవిలో పడ్డ నాలుగు ముక్కలూ ఇంటికి తెచ్చుకుని, వాటితో ఒక ఉత్తర్వు తయారు చేయించాడు. మంత్రి నక్క దాన్ని పట్టుకొచ్చి, బడి ముందు నిలబడి గొంతు సవరించుకుని చదివింది.

"ఇకమీదట శాస్త్రము, కళ, ప్రకృతి, ఈ మూడింటినీ చరిత్ర అనే దారముతో గుచ్చి పిల్లలకు అందించవలెను. దీనినే సమన్వయమందురు. రాబోయే పున్నమికి రాజావారే స్వయముగా వచ్చి చూచెదరు. సమన్వయము కనబడనిచో బడి మూసివేసి, ఇప్పతోపును రాజావారి బావమరిదిగారి విడిదికి ఇచ్చెదరు."

బావమరిదిగారికి ఇప్పపువ్వంటే ఎందుకంత ఇష్టమో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

జాంబయ్య "సమన్వయమంటే..." అని అడగబోయి నాలుక కరుచుకున్నాడు. హెడ్మాస్టరు అయ్యుండి అడిగితే ఏం బాగుంటుంది? "ఓహో, సమన్వయమా! మేం ఎప్పట్నించో అనుకుంటున్నదేనండీ" అన్నాడు. సమన్వయమంటే ఏమిటో నక్కకీ తెలీదు. అందుకే ఎక్కువసేపు కూర్చోకుండా టీ తాగేసి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే జాంబయ్య మీటింగు పెట్టాడు. బడిలో తెలుగు చెప్పే కొంగ పండితుడు ముందే వచ్చి ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"హెడ్మాస్టరుగారూ, ప్రకృతి సంగతి మీరు మర్చిపోండి. నాకు వదిలెయ్యండి" అన్నాడు కొంగ.

"మీకు ప్రకృతి గురించి తెలుసాండీ?"

"ఎంతమాట! ప్రకృతి, వికృతి. నా జీవితమంతా దాంట్లోనే గడిచింది. సింహం ప్రకృతి, సింగం వికృతి. హంస ప్రకృతి, అంచ వికృతి. ఏ మాట ఇచ్చినా క్షణంలో తేల్చేస్తాను."

జాంబయ్యకి సగం బరువు దిగినట్టయింది. "మరి శాస్త్రం?" అన్నాడు.

"దానికీ ఆలోచనెందుకు? మన అడవిలో శాస్త్రం ఉన్న ప్రాణి ఒక్కటే. కాకి శాస్త్రం విన్నారా? పులి శాస్త్రం విన్నారా? బల్లి శాస్త్రమనే కదా లోకమంతా అంటుంది!"

పాక కప్పులోంచి "టక్ టక్" అని వినిపించింది. అందరూ తలెత్తి చూశారు. గౌళమ్మ అనే బల్లి అక్కడ కాపురం ఉంటోంది.

"చూశారా, పలికింది. సత్యం!" అన్నాడు కొంగ. గౌళమ్మకి అక్కడికక్కడే సైన్సు టీచరుగా ఉద్యోగమైపోయింది.

కళ కోసం కొండముచ్చు ముచ్చయ్యని పిలిపించారు. పెళ్లిళ్లలో పెళ్లికూతుళ్లని ముస్తాబు చెయ్యడం అతని పని. వస్తూనే పిల్లల ముఖాలు ఎగాదిగా చూశాడు. "ఇవేం ముఖాలండీ బాబూ! పంతులు కొట్టిన ముఖాల్లా ఉన్నాయి. ఎక్కడన్నా కళుందా? నాకు అడవిపసుపు ఓ తట్టెడు తెప్పించండి. ఒక్కొక్కరికీ పెళ్లికళ తెప్పించేస్తాను" అన్నాడు.

ఇక చరిత్ర మిగిలింది. ఆ మాట వినగానే గోరింక వీరమ్మ చెట్టు మీంచి దభీమని దూకింది. "చరిత్రా? ఎవరి చరిత్ర కావాలి మీకు? నెమలి చరిత్ర చెప్పనా, తోడేలు రెండో పెళ్లాం చరిత్ర చెప్పనా? ఈ అడవిలో నాకు తెలియని చరిత్ర లేదు. ఒక్కొక్కళ్ల చరిత్రా విప్పానంటే తలెత్తుకు తిరగలేరు!"

"ఈవిడ కన్నా చరిత్రకారిణి మనకి దొరకదు" అన్నాడు జాంబయ్య సంతోషంగా. తేనెపట్టు పాఠం ఆపెయ్యక తప్పదని అప్పుడే తేలిపోయింది. పాపం, సమన్వయానికే టైము చాలడం లేదు.

చదువు మొదలైంది. కొంగ పండితుడు పిల్లల్ని ప్రకృతి ప్రకారం కూర్చోబెట్టాడు. హంసపిల్లలు ముందు వరస. గాడిదపిల్ల, గర్దభానికి వికృతి కాబట్టి, రెండో వరస. ఏనుగు, కుందేలు, ఉడుత ఇటు ప్రకృతీ కాదు, అటు వికృతీ కాదు, ఉత్త దేశ్యాలు. వాటిని పాక బయట కూర్చోబెట్టాడు. "మరి కొంగ, మాస్టారూ?" అని ఉడుతపిల్ల అడిగింది. "నోర్ముయ్. నేను బకాన్ని" అన్నాడు.

సాయంత్రం ఏనుగు తల్లి తొండం ఊపుకుంటూ జాంబయ్య దగ్గరికి వచ్చింది. "ఏవండీ మాస్టారూ, ఆ గాడిద కొడుకుని వికృతి అన్నారంట. మా వాడు కనీసం వికృతి కూడా కాదా? అంత పనికిమాలినోడా?" అని ఏడ్చింది.

సైన్సు పీరియడులో పిల్లలంతా కప్పుకేసి చూస్తూ కూర్చునేవారు. కుందేలుపిల్ల బయటనించే "రెండూ రెండూ నాలుగు" అంది. గౌళమ్మ పలకలేదు. "రెండూ రెండూ అయిదు" అంది. ఆ సమయానికి గౌళమ్మకి ఓ దోమ చిక్కింది. "టక్ టక్!"

"సత్యం! అయిదు!" అని కొంగ రాయించేశాడు.

జాంబయ్య ఇంటికెళ్లి వేళ్లు మడిచి చూసుకున్నాడు. నాలుగే వచ్చింది. అయినా శాస్త్రం పలికాక మన వేళ్లదేముంది అనుకుని ఊరుకున్నాడు. బడి బతికితే చాలు ఆయనకి.

పున్నమి వచ్చింది. తెల్లారకుండానే ముచ్చయ్య పసుపు ముద్దతో తయారయ్యాడు. పిల్లలందరికీ పూశాడు. కొంగకి పూశాడు. జాంబయ్య బొచ్చులో ఎంత పూసినా పసుపు కనబడక చెయ్యి నొప్పెట్టి వదిలేశాడు. చివరికి కప్పెక్కి, "టీచరమ్మకి మాత్రం కళొద్దా?" అని గౌళమ్మకి తలనించి తోకదాకా దట్టంగా పట్టించాడు.

రాజుగారు వచ్చాడు. పక్కన నక్క. వెనకాల బావమరిది, చేతిలో ఒక తాడు. తోపుని కొలుచుకోడానికి తెచ్చుకున్నాడు.

"ఊఁ, సమన్వయం కానివ్వండి" అన్నాడు రాజుగారు.

కొంగ ముందుకొచ్చి హంసపిల్లని లేపాడు. "సింహానికి వికృతి ఏమిటి, చెప్పమ్మా."

హంసపిల్ల భయంలో సగం మింగేసింది. "సింహం... వికృతి!" అంది గట్టిగా.

రాజుగారి మీసాలు లేచి నిలబడ్డాయి. "ఏమిటీ? నేను వికృతంగా ఉన్నానా?"

జాంబయ్య చేతులు అడ్డంగా ఊపాడు. "కాదు ప్రభూ, అది వ్యాకరణం! తమరు ఇది వదిలేసి చరిత్ర వినండి. వీరమ్మా, రాజుగారికి చరిత్ర చెప్పమ్మా" అని ఆదరాబాదరాగా అన్నాడు. రాజుగారికి చరిత్ర చెప్పమనడానికీ, రాజుగారి చరిత్ర చెప్పమనడానికీ ఉన్న తేడా వీరమ్మకి ఎవరూ నేర్పలేదు.

"చెప్తా వినండర్రా" అని అందుకుంది వీరమ్మ. "ఈ రాజుగారి తాత సర్కసులోంచి పారిపోయొచ్చాడు. స్టూలు కనబడితే చాలు, ఎక్కి కూర్చుని ముందుకాళ్లు ఎత్తేవాడు. ఇప్పటికీ వీళ్లింట్లో ఎవడన్నా చిటికేస్తే కుటుంబం కుటుంబం లేచి నిలబడుతుంది!"

ఉడుతపిల్లకి ఆగలేదు, చిటిక వేసింది. బావమరిది చూస్తుండగానే రాజుగారు లేచి వెనకకాళ్ల మీద నిలబడిపోయాడు.

"మూసెయ్యండీ బడిని!" అని గర్జించాడు రాజుగారు. ఆ గర్జనకి తాటాకులు ఎగిరాయి, స్తంభాలు ఊగాయి, కప్పు మీద పట్టు తప్పిన గౌళమ్మ వచ్చి సరిగ్గా రాజుగారి నడినెత్తిన పడింది.

రాజుగారు కొయ్యబారిపోయాడు. "తల మీద... ఏం పడింది?"

"బల్లండీ" అంది నక్క నీరసంగా.

"తల మీద బల్లి పడితే ఏమవుతుంది?" అని అడిగాడు రాజుగారు. గొంతులో గర్జన లేదు, పిల్లికూన గొంతయిపోయింది. తల మీద బల్లి పడితే ప్రాణగండమని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

జాంబయ్య కళ్లు మూసుకున్నాడు. బడీ పోయింది, రాజూ పోయేలా ఉన్నాడు. అప్పుడు కొంగ పండితుడు మెడ సాచి గౌళమ్మని పరకాయించి చూశాడు.

"ప్రభూ, తమకి ఢోకా లేదు! బల్లి పడితే దోషమే. కానీ బంగారు బల్లిని ముట్టుకుంటే ఆ దోషం పోతుంది. తమ మీద పడ్డది బంగారు బల్లే! దోషం రావడమూ పోవడమూ ఏకకాలంలో జరిగిపోయాయి!"

రాజుగారు పంజాతో గౌళమ్మని దింపి చూసుకున్నాడు. పసుపుపచ్చగా ధగధగలాడుతోంది. ఆయన కళ్లు చెమర్చాయి.

"శాస్త్రం నా మీద పడింది. కళ నన్ను కాపాడింది. ఇదే కదా సమన్వయం!" అన్నాడు.

"టక్ టక్" అంది గౌళమ్మ, పంజా బిగువుకి ఊపిరాడక.

"సత్యం!" అన్నారు అందరూ.

బడి నిలిచింది. జాంబయ్య ఆనందం పట్టలేక ఏనుగు తల్లిని కావిలించుకుని భోరున ఏడ్చేశాడు. ఆ ఏడుపు ఆగకముందే రాజుగారు రెండో ఉత్తర్వు వేశాడు. ఇకమీదట అడవిలో ప్రతి బడికీ ఒక బల్లి, ప్రతి బల్లికీ పసుపు. పసుపు సరఫరా బావమరిదిగారికి. ఇంత గొప్ప విద్యకి మూలపురుషుడైన జాంబయ్య ఒక్క బడిలో మగ్గడం అన్యాయం కనక, ఆయన అడవి మొత్తానికీ సమన్వయాధికారి.

"అయ్యా, నాకీ పదవి వద్దండీ. నా బడిలో నేను తేనెపట్టు పాఠం చెప్పుకుంటాను" అని జాంబయ్య నక్కని బతిమాలాడు.

"అది ఏ సబ్జెక్టు కిందికి వస్తుంది? శాస్త్రమా, కళా, ప్రకృతా, చరిత్రా?"

జాంబయ్య నాలుగింటినీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "అన్నీనండీ" అన్నాడు.

"అన్నీ అయితే కుదరదు. సమన్వయానికి అడ్డొస్తుంది" అని నక్క పల్లకీ ఎక్కించేసింది.

పల్లకీ కప్పుకి ఒక సర్కారీ బల్లిని కూడా ఇచ్చారు. జాంబయ్య బడి బడికీ తిరిగి బల్లులకి పసుపు సరిగా అంటిందో లేదో చూసి సంతకాలు పెట్టేవాడు. ఎక్కడా గోల వినిపించేది కాదు. పిల్లలంతా నిశ్శబ్దంగా కప్పుకేసి చూస్తుండేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన పల్లకీ గుట్ట పక్కగా వెళ్తోంది. తేనెపట్టు కింద తన పిల్లలు మట్టిలో గీస్తూ కనబడ్డారు. ఆయన ప్రాణం లేచొచ్చింది. పల్లకీ ఆపించి పరిగెత్తాడు.

పిల్లలు గదులు గీశారు గానీ ఒక్కటీ అతకలేదు. అన్నిటి మధ్యా సందులే.

"ఎన్ని మూలలు పెట్టార్రా?"

"అయిదు మాస్టారూ. గౌళమ్మ టీచరు అయిదుకే పలికింది" అంది కుందేలుపిల్ల.

"మరి పైన పట్టు చూడండి. అది అతుకుతోందిగా?"

"అవును మాస్టారూ. తేనెటీగలే తప్పు కట్టాయి."

జాంబయ్య గుండె చెరువైంది. "ఆర్రా! ఆరు మూలలు! ఆరు!" అని గుట్ట దద్దరిల్లేలా అరిచాడు.

పిల్లలు ఆయనకేసి చూడలేదు. పల్లకీ కప్పుకేసి చూశారు. బల్లి పలకలేదు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, నిజం చెప్పదలుచుకున్నవాళ్లు ముందుగా బల్లితో మాట్లాడుకోవాలి.