సపరివార సమేత పరిశోధన

2009 వేసవిలో నంద్యాలలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ యాజమాన్యం, బంధుమిత్ర సపరివార సమేతంగా, ఒక్క రోజులో అంతర్జాతీయ శాస్త్రవేత్తలైనారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. వీరిలో కరస్పాండెంటు చిన్నోబయ్య గారు, ఆయన సతీమణి రామేశ్వరమ్మ గారు, మేనల్లుడు నాగార్జున, కాలేజీ బస్సుల మేనేజరు ఉన్నారు. బాటనీ లెక్చరరు కృపావరం లేడు. పరిశోధన చేసినవాడు ఆయనే కాబట్టి ఆ పనిలో పడి తీరిక దొరికి ఉండదు.

కృపావరం ఆ కాలేజీలో ఎన్నో ఏళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. ఏటా వేసవిలో ఆయన్ని తీసేసి, తొలకరిలో మళ్లీ పెట్టుకునేవారు. ఇంతకాలానికి పర్మనెంటు పోస్టు ఒకటి పడింది. ఇంట్లో భార్య జీవరత్నం అన్నం తిన్న చెయ్యి కడుక్కోకుండానే అడిగింది.

"ఈసారన్నా పర్మనెంటు జేస్తారా, లేకుంటే మల్లా ఎండాకాలం కూచోబెడతారా?"

"నా పేరుతో అంతర్జాతీయ పత్రికలో పరిశోధన పేపరు ఒకటి పడితే జేస్తారంట," అన్నాడు కృపావరం.

పేపరు అచ్చయి ఉండాలని నియమం. అందులో ఏముండాలో నియమంలో లేదు. ఎవరైనా చదవాలని అసలే లేదు. అయితే కృపావరం అమాయకుడు, నిజంగానే పరిశోధన చేసి కూర్చున్నాడు. సెలవుల్లో కుందూ నది గట్టు వెంబడి తిరిగి, వయ్యారిభామ అనే పిచ్చిమొక్క పచ్చిగడ్డిని ఎట్లా చంపుతోందో, అది మేసిన బర్రెల పాలు ఎందుకు చేదవుతున్నాయో రాసి పెట్టుకున్నాడు. పేరున్న పత్రికకు పంపితే, నిపుణులు చదివి చెప్పడానికి ఏడాది పడుతుందని జవాబొచ్చింది. చదివి చెప్తారట! అంత అనాగరికమైన పద్ధతి ఇంకా లోకంలో ఉందని నంద్యాలలో ఎవరికీ తెలియదు.

నాగరికత ఆళ్లగడ్డ బస్టాండు ఎదుట, సురేంద్ర ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఉండేది. సురేంద్ర పెండ్లిపత్రికలు, ఎన్నికల కరపత్రాలు అచ్చు వేసేవాడు. ముహూర్తాలు లేని మూఢాల్లో మిషను ఊరికే ఉండటం చూడలేక, ఇంటర్నెట్‌లో సకల శాస్త్రాలకూ కలిపి ఒక ప్రపంచ పత్రిక పెట్టాడు. చిరునామా లండన్‌ది. అందులో ఏ దేశంవాడైనా ఉచితంగా చదువుకోవచ్చు, దుడ్లు రాసినవాడే కడతాడు. ఉచితమైనా ఒక్కడూ చదవకపోవడం పత్రిక గౌరవానికి నిదర్శనం.

"నిపుణులు చూస్తారాప్పా?" అని అడిగాడు కృపావరం.

"చూడకుండా యాడ ఏస్తాం సార్? ఇద్దరు జూస్తారు. ఒకరు నేను, ఇంకొకరు మా బామ్మర్ది. మీరు టీ తాగొచ్చేలోపల అయిపోతాది."

అయిపోయింది. నిపుణుల అభిప్రాయం: 'చాలా బాగున్నది. అక్షరాలు ఇంకొంచెం పెద్దవి వేయవలెను.'

చిక్కు ఆ తర్వాత వచ్చింది. కాలేజీ పేరు వాడుకోవడానికి అనుమతి కావాలి. చిన్నోబయ్య గారు పేపరు మీద కృపావరం పేరొక్కటే చూసి ముఖం చిన్నబుచ్చుకున్నారు.

"ఏందయ్యా కృపావరం, పైన పెద్దోళ్ల పేర్లు ల్యాకుండా శుభకార్యం జేస్తాండావే?"

ఆయన పేరు చేరింది. భార్య పేరు లేకుండా ఆయన పేరెట్లా వేస్తారు? మేనల్లుణ్ణి వదిలేస్తే అక్క పలకదు. మేనల్లుణ్ణి వేసి పెద్దల్లుణ్ణి మరిస్తే దసరాకు కూతురు రాదు. చాగలమర్రి వియ్యంకుడు అలిగితే ఎవరు సముదాయించాలి? మన జిల్లాలో పెండ్లిపత్రికలో పేరు పడలేదని తలకాయలు పగిలిన సందర్భాలున్నాయి. జాబితా ఫ్యాక్సులో ఆళ్లగడ్డకు వెళ్లింది. సురేంద్రకు ఈ సంగతులు వెన్నతో పెట్టిన విద్య. చేయి తిరిగిన పద్ధతిలోనే పేజీ కట్టాడు. పైన వినాయకుడు, కింద పెద్దల వరుస, చివర 'తమ రాక మాకు ఆనందదాయకము'. వయ్యారిభామ గురించి లోకంలో వెలువడిన వ్యాసాల్లో ఇంత మర్యాదగలది మరొకటి లేదు.

పేజీలో కృపావరం తన పేరు వెతుక్కున్నాడు. ఆళ్లగడ్డకు బస్సెక్కాడు.

"అప్పా, పెండ్లికొడుకు పేరే ల్యాకపాయె గదప్పా! రాసింది నేను!"

"పేజీలో తావు చాలలేదు సార్," అన్నాడు సురేంద్ర నొచ్చుకుంటూ. "తావు చాలకుంటే కింద నుంచి తీసేసేది మా పద్ధతి. మీరు ఆఖర్న ఉంటిరి. పైనుంచి తీసేస్తే నన్ను బతకనిస్తారా?"

కృపావరం ఏడవలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కుందూ వంతెన దగ్గర వయ్యారిభామ మొక్కలు లెక్కపెట్టుకున్నాడు.

ఇంటర్వ్యూ నిష్పక్షపాతంగా జరిగింది. కామర్సు చదివిన నాగార్జున చేతిలో బాటనీ పేపరు ఉంది. కృపావరం తన కాగితాల కట్ట, ఎండబెట్టిన మొక్కలు బల్ల మీద పెట్టాడు. పెద్దలు ఆ కట్టనూ ఈ పేపరునూ పక్కపక్కన పెట్టి మొట్టమొదటిసారి చదివారు. అక్షరం పొల్లుపోకుండా ఒకటే! యాజమాన్యం మేధస్సును ఒక తాత్కాలిక ఉద్యోగి ఇంత బరితెగించి దొంగిలిస్తాడని వారు ఊహించలేదు. చిన్నోబయ్య గారిది పెద్ద మనసు. పోలీసులదాకా పోనివ్వలేదు. క్షమాపణ పత్రం రాయించుకుని, పోస్టు నాగార్జునకిచ్చి, కృపావరాన్ని తొలకరికి మళ్లీ రమ్మన్నారు.

ఇంటికొచ్చి చెప్తే జీవరత్నం పెద్దగా అరిచింది. "రాసిందీ నువ్వే, తప్పయిందని సంతకం పెట్టిందీ నువ్వేనా! సిగ్గుండాల వాళ్లకు!" ఎండిన మొక్కల కట్టను కృపావరం అటక మీద పెట్టాడు.

సన్మాన సభలో కరస్పాండెంటు గారు ఉపన్యసించారు. "సోదరులారా, విజ్ఞానం ఏ ఒక్కడి సొత్తూ కాదు. అందరిదీ!" చప్పట్లతో పందిరి దద్దరిల్లింది. మరుసటి వారం 'అంతర్జాతీయ శాస్త్రవేత్తలచే నడుపబడు ఏకైక కళాశాల' అని కరపత్రాలు వెలిశాయి. మిడుతూరు నుంచి, పాములపాడు నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని వచ్చి వరుస కట్టారు. ఇది చదువుతున్న మీరు కూడా మీ అమ్మాయిని తీసుకుని ఆ వరుసలోనే నిలబడి, 'నాకు తెలిసినవాళ్లున్నారు' అని ముందుకు తోసుకున్నారు. బాగా గుర్తు.

మీ అమ్మాయి బాటనీలో ఫస్టు వచ్చిందని విన్నాం, సంతోషం. కరస్పాండెంటు గారికి శాలువా కప్పి వచ్చారట, అదీ సంతోషమే. పాఠం చెప్పింది ఎవరని మాత్రం ఆ పిల్లను అడగలేదు. మీ శాలువాకూ తావు చాలలేదు కాబోలు.