హోటల్ ఎంపిక సంఘం ఏకగ్రీవ తీర్మానం

మంచి హోటల్‌ను ఎంచుకునే అర్హత ఆకలిగా ఉన్నవాడికి లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆర్మూర్‌లో పసుపు కమీషన్ వ్యాపారం చేస్తున్నవాడిగా ఈ మాట చెబుతున్నాను. బస్తా చూసి మురిసిపోయినవాడెవడూ మరుసటి ఏడు యార్డులో కనిపించలేదు.

మా పెళ్ళయి ఇరవై అయిదేళ్ళు నిండుతున్నాయని నా భార్య విద్యావతి ఒకే ఒక్క కోరిక కోరింది. "నేను వండని అన్నం కూసొని తినాలె. ఏ హోటలైనా సరే" అన్నది.

"ఏదైనా సరే" అన్నది వ్యాపారంలో చెల్లే మాట కాదు. వెంటనే హోటల్ ఎంపిక సంఘాన్ని ఏర్పాటు చేశాను. (అధ్యక్షుడు, కార్యదర్శి, రుచి పరిశీలకుడు నేనే. కోరం లేక ఏ సమావేశమూ వాయిదా పడలేదు.)

మొదట ఫోన్లో జనం హోటళ్ళకిచ్చిన రేటింగు చుక్కలు చూశాం. ఊళ్ళో ప్రతి హోటల్‌కూ నాలుగుకు పైనే ఉన్నాయి. పసుపులో తేమకు తరుగు తీసినట్టే చుక్కలకూ తరుగు తీశాం. యజమాని బావమరిది రాసిన పొగడ్తకు ఒక చుక్క, వంటకాల కన్నా గోడల ఫొటోలు ఎక్కువుంటే అర చుక్క. తరుగు పోగా ఒక హోటలైతే తిరిగి మాకే రెండు చుక్కలు బాకీ పడింది.

తర్వాత క్షేత్ర పరిశీలన. కొమ్ము విరిచి లోపలి రంగు చూడనిదే మేం ఏ పసుపుకూ ధర చెప్పం. కాబట్టి వెళ్ళిన ప్రతిచోటా గారె విరిచి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుతుర్లో చూశాను. ఒకచోట యజమానే లేచొచ్చి, "ఏం పోయింది సేట్, గట్ల దేవులాడుతున్నరు?" అని అడిగాడు. తనిఖీ వివరాలు బయటపెట్టే అధికారం నాకు లేదని చెప్పాను.

ఒక్క నమూనా చాలదు. బస్తాలో పైన, నడుమ, అడుగున తీసి చూడాలి. అందుకని ప్రతి హోటల్‌కూ తెరవగానే ఒకసారి, జనం కిటకిటలాడేటప్పుడు ఒకసారి, గిన్నెలు అడుగంటేటప్పుడు ఒకసారి వెళ్ళాను. నెల పట్టింది. ఆ నెలంతా విద్యావతి ఇంట్లో ఒక్కతే వండుకుని తిన్నది. (ప్రజాసేవలో కుటుంబాలకు ఇలాంటి త్యాగాలు తప్పవు.) నా నడుము రెండంగుళాలు పెరగడాన్ని సంఘం సాక్ష్యంగా స్వీకరించలేదు.

పెళ్ళిరోజు మధ్యాహ్నం, పెర్కిట్ దగ్గర ఏకగ్రీవంగా ఎంపికైన హోటల్‌కు ఆమెను తీసుకుపోయాను. కూర్చున్నామో లేదో సర్వర్ కాశీరాం నా ముందు జర మాడ్చిన చపాతీ, ఉల్లిగడ్డ వేయని పప్పు, చిక్కటి పెరుగు పెట్టాడు. నేనేమీ అడగలేదు. అంతకుముందు మూడుసార్లు వచ్చిన మనిషి ఇష్టాలు అతనికి గుర్తున్నాయి.

"అమ్మకేం తేవాలె సేట్?"

"గుత్తి వంకాయ" అన్నాను, నిపుణుడి ధీమాతో.

"అన్నా, నాకు వంకాయ పడదు, ఒళ్ళంత దద్దుర్లొస్తయి. పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు తే" అన్నది విద్యావతి అతనితో.

వారానికి రెండుసార్లు ఇంట్లో వంకాయే వండుతుంది కదా అని నేను గుర్తుచేశాను.

"మీకు ఇష్టమని వండుతున్న. ఇరవై అయిదేండ్లల్ల నా కంచంల ఏమున్నదని ఒక్కసారన్న చూసిండ్రా?"

కాశీరాం తలెత్తకుండా ఆమె చెప్పింది రాసుకున్నాడు.

ఈ ప్రశ్నను సంఘం నమోదు చేసుకుంది. అయితే నిబంధనల ప్రకారం మా తనిఖీ హోటళ్ళకే పరిమితం. ఇంటి కంచాలు మా పరిధిలోకి రావు.