పదమూడడుగుల పోటీదారు

విమానపు తలుపుల బోల్టుల మార్కెట్‌ను పోటీ పరిశీలన మండలి వారు నిర్వచించి ఎవరి వాటా ఎంతో తేల్చిన సోమవారం ఉదయం, బాలానగర్‌లో లేత్ షెడ్డు నడిపే ఉపేంద్రాచారి తన మార్కెట్ వాటాకు తగ్గట్టు జానెడు మనిషి అయ్యాడు. ఇందులో వింతేమీ లేదు. రెండు పెద్ద కంపెనీలు కలవబోతున్నప్పుడు, ఆ సరుకు తయారుచేసే ప్రతివాడూ నివేదికలో రాసిన వాటాకు తగ్గ ఎత్తే ఉండాలన్నది నియమం. మండలి పంపే నోటీసు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు.

ఈసారి కలవబోతున్నవి వాయుకేతు, నభశ్చర అనే కంపెనీలు. దేశంలో తలుపు బోల్టులు దాదాపు అన్నీ ఆ రెండే అమ్ముతాయి. చారి మూడోవాడు, వారానికి నలభై బోల్టులు. భార్య ప్రమీల లేత్ మీద కోస్తే, ఆయన ఒక్కోదాని థ్రెడ్ల మీద చిటికెనవేలి గోరు నడిపి, మిషన్లకు అందని గరుకును పట్టేస్తాడు. ముప్పై ఏళ్లలో ఒక్క బోల్టు వాపసు రాలేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ గోరు మీదే.

జానెడు మనిషి అయ్యాక కూడా పని ఆగలేదు. ప్రమీల ఆయన్ని బల్ల మీద నిలబెట్టేది, ఆయన చెప్పులు విడిచి థ్రెడ్ల మీద నడిచి చూసేవాడు. నిజం చెప్పాలంటే పని ఇంకా శుభ్రంగా వచ్చింది.

గురువారం మండలి తరఫున ఆర్థిక విశ్లేషకురాలు సుచరిత వచ్చింది. నెమ్మదస్తురాలు, లెక్కలో అణాపైసా తప్పు పోనివ్వదు. బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని ప్రశ్నావళి తీసింది. ఆ కంపెనీలు కలిశాక ధర అయిదు శాతం పెంచితే కొనేవాళ్లు మీ దగ్గరికి వస్తారా అని అడిగింది. వస్తారన్నాడు చారి. వస్తే, రెండేళ్లలో వారానికి ఏడువందలు చేసివ్వగలరా అని అడిగింది.

బాలానగర్ షెడ్లలో పెద్దవాళ్ల కాగితం మీద 'చేయలేము' అని రాసినవాడు ఇంతవరకు పుట్టలేదు. ముందు చేస్తామని రాస్తారు, తర్వాత మిషన్ కోసం వెతుక్కుంటారు. ప్రమీల మొగుణ్ణి ఆపుదామని వేలు చాపి, తగిలితే ఎక్కడ పడిపోతాడోనని మానుకుంది.

"చేస్తం మేడం," అన్నాడు చారి.

సుచరిత గుణించి చూసింది, వాటా ముప్పై ఎనిమిది శాతం వచ్చింది. సాయంత్రం టీ వేళకు షెడ్డు రేకులు రెండు లేచిపోయి, చారి పదమూడడుగులు అయ్యాడు. చారి పెద్దోడైండని వీధంతా మురిసింది. ఆయనా మురిశాడు, బోల్టు చేతిలోకి తీసుకునేదాకా. అది ఆవగింజలా వేళ్ల సందులోంచి జారిపోయింది. పట్టుకున్నా, తాపీ అంత గోరుకు ఏ గరుకూ తెలియలేదు. జీవితంలో మొదటిసారి ఆయనకు తన చేతులంటే భయం వేసింది.

మర్నాడు మండలి కార్యాలయానికి వెళ్లి మొదటి అంతస్తు కిటికీ ముందు నిలబడ్డాడు.

"నాతోని అయితలేదు మేడం. గోరుకు ఏం తెలుస్తలేదు."

సుచరితకు నిజంగానే బాధ కలిగింది. ఫైలు మొత్తం మళ్లీ చదివింది. "ప్రశ్నావళిలో గోరు లేదండీ చారి గారూ. సామర్థ్యం అడిగాం, ఉందన్నారు. ఇప్పుడు కాదంటే అది వాంగ్మూలం మార్చడం అవుతుంది," అంది.

బలమైన మూడో పోటీదారు ఉన్నాడు గనుక కలయికకు అనుమతి వచ్చింది. కలిసిన కంపెనీ మరుసటి నెలే ధర అయిదు శాతం పెంచింది, ఒక్క పైసా ఎక్కువ కాదు. కొనేవాళ్లు చారి దగ్గరికి వచ్చారు. ఆయన చేతులు చూశారు, ప్రమీల ఇచ్చిన టీ తాగారు, వెనక్కి వెళ్లి పెరిగిన ధరే కట్టారు. కొనుగోలుదారులకు ప్రత్యామ్నాయం ఉందని, స్వయంగా వెళ్లి చూసుకున్నారని మండలి ఫైల్లో నమోదైంది. పాత నలభై బోల్టుల ఆర్డరు కూడా ఆ నెలలోనే పోయింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే అదే.

షెడ్డు మూసేద్దామంది ప్రమీల. ఈసారి నోటీసు వెనకవైపు ఇద్దరూ చదివారు. మూసేస్తే వాటా సున్నా. వాటా సున్నా అయితే ఎత్తు కూడా సున్నా. ప్రమీల ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, మడిచి పెట్టె అడుగున పెట్టింది. లేత్ అమ్మేశారు గాని బోర్డు తీయలేదు. ఉత్పత్తి సాగుతోందని ఏటా సంతకం చేస్తున్నారు.

ఏటా సుచరిత టేపూ నిచ్చెనా పట్టుకుని వస్తుంది. మొన్న కూడా పదమూడడుగులూ కొలిచి, పోటీ ఆరోగ్యంగా ఉందని రాసుకుంది. నిచ్చెన దిగుతూ, పొద్దస్తమానం ఇలా ఎండలో కష్టంగా లేదా అని ఆప్యాయంగా అడిగింది.

"నిలవడుడే కద మేడం ఇప్పుడు నా పని," అన్నాడు చారి.

ఆ మాట ఏ గడిలో రాయాలో ఆమె కాసేపు వెతికింది. చివరికి ఉత్పత్తి కింద రాసుకుంది.