ఓడ కనిపిస్తే చాలదా?

సముద్రయానం చేసేవాడికి సముద్రం అనవసరం.

ఈ మాట తేలిగ్గా అనడం లేదు. ఉద్యోగ జీవితమంతా తర్కశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఆధారం చూపలేని వాక్యాన్ని కాగితం మీద పెట్టే అలవాటు నాకు లేదు. విహార నౌకలు, అంటే జనం క్రూయిజ్‌లని పిలుచుకునేవి, చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని మూడు సైజుల్లో దొరుకుతున్నాయి. ఏది ఎక్కాలో తేల్చుకోలేక ఎన్నో కుటుంబాలు భోజనాల బల్ల దగ్గర మొహాలు మాడ్చుకుని కూర్చుంటున్నాయి. వారి సందేహం తీర్చడం నా బాధ్యత. పెద్దదే ఎక్కండి. ఒకే కంపెనీదే ఎక్కండి. ఓపిక ఉన్నంతకాలం అదే ఎక్కండి.

చిన్న ఓడలో ఏముంది? ఎక్కడ నిలబడినా సముద్రం కనిపిస్తుంది. అల వస్తే ఊగుతుంది. పొద్దున్నే కెప్టెన్ ఎదురుపడి నిద్ర పట్టిందా అని అడుగుతాడు. ఓడ నడపవలసిన మనిషికి మన నిద్రతో ఏం పని? రెండు పూటలు గడిచేసరికి తోటి ప్రయాణికుల మోకాళ్ల నొప్పుల చరిత్ర అంతా కంఠతా వచ్చేస్తుంది. పైగా ఏ చిన్న రేవు కనిపించినా ఆగుతుంది. ఆగితే దిగాలి. దిగితే నడవాలి. నడిస్తే ఆ ఊరివాళ్లు పలకరిస్తారు. ఇల్లు తాళం వేసి ఇంత దూరం వచ్చింది ఇందుకా?

మధ్యరకం ఓడ గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఎక్కి వచ్చినవాళ్లు కూడా ఏమీ చెప్పలేకపోతున్నారు.

పెద్ద ఓడ అలా కాదు. అది ఒక పట్టణం. అందులో దుకాణాల వీధి ఉంది, ఆ వీధికి ట్రాఫిక్ ఉంది. నీళ్ల గొట్టంలోంచి జారే ఏర్పాటు ఉంది, జారినవాళ్ల నడుములు చూసే ఆసుపత్రి ఉంది. మా క్యాబిన్‌కు కిటికీ లేదు. దాని బదులు గోడకు ఒక తెర ఉంది. ఓడ ముందు భాగాన బిగించిన కెమెరా పట్టిన సముద్రం అందులో కనిపిస్తూ ఉంటుంది. కిటికీలోంచి కనిపించే సముద్రాన్ని మీరు ఆపగలరా? దీన్ని రిమోట్‌తో ఆపవచ్చు. ఒకసారి ఆ తెర పాడైతే ఎలక్ట్రీషియన్ వచ్చి, "కాసేపు సముద్రం ఉండదు సార్, సర్దుకోండి," అన్నాడు. ప్రకృతి మీద మానవుడు సాధించిన విజయానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి!

సంసారాలకూ పెద్ద ఓడ మేలు చేస్తుంది. మా పక్క క్యాబిన్‌లోని పళ్ల డాక్టరు గారికి బఫే హాలుకూ ఈత కొలనుకూ మధ్య భార్య తప్పిపోయింది. మర్నాడు లిఫ్టు దగ్గర తారసపడ్డారు. ఇద్దరి మొహాలూ కళకళలాడుతున్నాయి.

ఇక విధేయత సంగతి. కంపెనీలు దీన్ని లాయల్టీ అంటాయి. ఒకే కంపెనీ ఓడలు ఎక్కుతూ పోతే సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్ అని మెట్లు ఎక్కిస్తారు. నేను ప్లాటినం. దానికి గుర్తుగా ముంజేతికి ఒక నీలం పట్టీ ఇచ్చారు. ఇంట్లోనూ తీయను.

మా తమ్ముడు వేలికి ఒక రంగురాయి పెట్టుకుంటాడు. గ్రహాలు అనుకూలించడానికట. జీవితమంతా వాడితో వాదిస్తూనే ఉన్నాను. మొన్న మళ్లీ అడిగాను, ఆ రాయి నీకేం ఒరగబెట్టిందిరా అని.

వాడు నా ముంజేతికేసి చూశాడు. "మరి ఆ పట్టీ నీకేం ఒరగబెట్టింది అన్నయ్యా?"

"దీంతో పోలికేమిట్రా? నీ రాయికి ఆధారం లేదు. దీనికి కస్టమర్ కేర్ నంబరు ఉంది."

"ఎప్పుడైనా ఫోన్ ఎత్తారా?"

మూఢనమ్మకస్థులతో చర్చ ఇలాగే పక్కదారి పడుతుంది.

ఒరిగిందేమిటో పాఠకులకు చెబుతాను. ఓడ ఎక్కడానికి ప్లాటినం సభ్యులకు ప్రత్యేకమైన క్యూ ఉంది. మా వయసువాళ్లందరూ ఏనాడో ప్లాటినం అయిపోవడంతో, ఆ క్యూ రేవు భవనం చుట్టూ తిరిగి కార్లు నిలిపే చోటు దాకా పోతుంది. పక్కన మామూలు జనం క్యూ ఖాళీ. మొదటిసారి వచ్చినవాళ్లు సామాన్లు దొర్లించుకుంటూ మా ఎదుటే లోపలికి పోతారు. పోనివ్వండి. వాళ్లకు ఎక్కడం ఒక్కటే తెలుసు. మాకు ముందుగా ఎక్కే అర్హత ఉంది. ఎండలో నిలబడినంత మాత్రాన అర్హత కరిగిపోతుందా?

మాకు విడిగా ఒక లాంజ్ కూడా ఉంది. ఓడ రేవులో ఆగి మిగతా జనం దిగిపోయినప్పుడే అందులో కుర్చీ దొరుకుతుంది. అందుచేత మేం దిగం. ఎన్ని దేశాలు చూసినా, అన్నిటినీ ఆ కుర్చీలోంచే చూశాను. తలుపు వైపు కుర్చీ కాబట్టి కాఫీ యంత్రం ఎక్కువగా కనిపించింది.

ఈ విధానంలో చిన్న నియమం ఒకటుంది. ఒక ఏడాది ప్రయాణం మానితే ఒక మెట్టు దిగాలి. దంపతులది ఉమ్మడి సభ్యత్వం. ఇద్దరూ కలిసి ఎక్కితేనే ఏడాది లెక్కలోకి వస్తుంది. మా ఇంట్లో చిక్కు ఇక్కడే వచ్చిపడింది.

మా ఆవిడకు ఒక అక్క ఉన్నారు. ఒక చిన్న దీవిలో పోస్టాఫీసు నడిపి, రిటైరయ్యాక అక్కడే ఒంటరిగా ఉండిపోయారు. ఆ దీవికి విమానం లేదు. ఒక చిన్న కంపెనీవారి చిన్న ఓడలు తప్ప మరేవీ అక్కడ ఆగవు.

"అక్క కళ్లు మసకబారుతున్నాయటండీ," అంది మా ఆవిడ. "ఇంక చేసేదేం లేదని డాక్టరు చెప్పేశాడట. మొహం గుర్తుపట్టే చూపు ఉన్నప్పుడే ఓసారి వచ్చి కనబడవే అంటోంది."

"తప్పకుండా. కానీ అది వేరే కంపెనీ."

"అయితే?"

"వాళ్ల ఓడెక్కితే మనకీ ఏడాది తప్పిపోతుంది. గోల్డులోకి పడిపోతాం."

"పడితే దెబ్బ తగులుతుందా?"

తార్కికుడు వెటకారానికి జవాబు ఇవ్వడు. మార్గం వెతుకుతాడు. నేను వెతికాను. మా పెద్ద ఓడ వెళ్లే దారి ఆ దీవి పక్కనుంచే పోతుంది. ఆగదు, నిజమే. ఆ రేవులో మా ఓడ పట్టదు. మా ఓడలో ఆ రేవు పడుతుంది. కానీ చూడటానికి ఆగడం దేనికి? వదినగారు రేవు గట్టు మీద నిలబడతారు. మా ఆవిడ పై డెక్ మీద నిలబడుతుంది. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుంది. ఇందులో విధేయతకు భంగం ఎక్కడుంది?

మా ఆవిడ బజారుకు వెళ్లింది. పసుపురంగు శాలువా ఒకటి కొనుక్కుంది, దూరానికి తెలుస్తుందని.

ఓడ ఎక్కాక లాయల్టీ డెస్క్‌కు వెళ్లాను. అక్కడి ఉద్యోగిని చిరునవ్వుతో లేచి నిలబడింది.

"దీవి దగ్గర ఓడను కాస్త నెమ్మదిగా పోనివ్వగలరామ్మా?"

"ప్లాటినంకి ఆ సదుపాయం లేదండీ. డైమండ్ అయ్యాక అడిగి చూడొచ్చు."

"అప్పుడు ఆపుతారా?"

"ఆపరు సార్. అడగనిస్తారు."

ఆమె నిజాయితీ నాకు నచ్చింది. ఈ కంపెనీలో చాలాకాలంగా ఉన్నారా అని అడిగాను.

"ఇదే ఆఖరి ట్రిప్పండీ. చిన్న ఓడల వాళ్ల దగ్గర చేరుతున్నా." గొంతు తగ్గించింది. "అక్కడ నా గదికి కిటికీ ఉంది సార్."

విధేయత శాఖలో పనిచేసేవారికి విధేయత ఉండి తీరాలని నియమం ఏదీ లేదు. ఈ సంగతి నేను అప్పుడే గమనించాను.

దీవి వచ్చింది. పై డెక్ మీద నాట్య శిక్షణ జరుగుతోంది. మా ఆవిడ జనాన్ని తప్పించుకుని రెయిలింగ్ పట్టుకుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి నా చేతికిచ్చి, రెండు చేతులతో శాలువా ఎత్తి ఊపసాగింది.

"అక్కా, నేనే. కనబడుతున్నానా? పసుపు శాలువా."

"ఓడ కనబడుతోందే. అబ్బో, ఎంతుంది! తెల్లగా గోడలాగ. నువ్వెక్కడ?"

"పైనే. అన్నిటికన్నా పైన. కుడిపక్క."

"నీ కుడా, నా కుడా?"

"ఊపుతున్నా చూడవే."

"అంతా తెలుపేనే చెల్లీ." ఫోన్‌లో గాలి హోరు వినిపించింది. "పోనీలే. ఓడ కనబడింది కదా. మరిది గారు బాగున్నారా?"

నేను కల్పించుకున్నాను. "బాగున్నాను వదినగారూ. చూశారా, పెద్ద ఓడ ఉపయోగం? చిన్నదైతే మీకు ఓడ కూడా కనిపించేది కాదు."

"నిజమే బాబూ," అన్నారు మర్యాదగా.

దీవి కనుమరుగయ్యేదాకా మా ఆవిడ చేతులు దించలేదు. ఆ తర్వాత శాలువా మడిచి, క్యాబిన్‌కు వచ్చి, రిమోట్ తీసుకుని సముద్రాన్ని ఆపేసింది. తిరుగు ప్రయాణమంతా మా గదిలో సముద్రం లేదు.

మరుసటి ఏడు ఆమె నన్ను అడగలేదు. చేతిసంచి ఒకటి సర్దుకుని చిన్న ఓడ ఎక్కి వెళ్లిపోయింది.

దీవి చేరి ఫోన్ చేసింది. వాళ్లక్క ఆమెను కిటికీ దగ్గరికి లాక్కుపోయి, రెండు చేతులతో మొహం పట్టుకుని, వెలుగుకేసి అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారట. చివరికి, "ముసలిదానివైపోయావే," అన్నారట. ఈ మాట చెబుతూ మా ఆవిడ నవ్వింది. చెప్పడం పూర్తి కాకుండానే ఫోన్ పెట్టేసింది.

నాకు కంపెనీ నుంచి సందేశం వచ్చింది. మీరు మాకు ఎంతో విలువైనవారు, మిమ్మల్ని గోల్డుకు దించుతున్నాం అని. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. కింద సంతకం చేసిన కంపెనీ పేరు నేను ఎన్నడూ వినలేదు. విచారిస్తే, మా కంపెనీని వేరొకరు కొనేసి చాలాకాలమైందట. నేను ఇన్నేళ్లుగా కదలకుండా నిలబడే ఉన్నాను. నా కింద ఉన్నదే మారిపోయింది. దీన్ని తర్కంలో ఏమంటారో నాకు తెలుసు. మర్యాద కాదని రాయడం లేదు.

కేవలం సమాచారం కోసం చిన్న ఓడల కంపెనీకి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తారు. ఎత్తినది ఆ పాత లాయల్టీ డెస్క్ ఉద్యోగినే.

"మీరా సార్! దీవికి చోటుందా అంటే... ఓడ చిన్నది కదండీ, మా పాత ప్రయాణికులకే ముందు ఇస్తాం. మీరు కొత్త."

"నేను ప్లాటినంలో ఉన్నవాడినమ్మా."

"తెలుసు సార్. ఇక్కడ కొత్త. మీ ఇంట్లోంచి ఎవరైనా మా ఓడ ఎక్కారా? ఎక్కితే ఒక్కరిని తోడు తెచ్చుకోవచ్చు."

ఎక్కారు. మా ఆవిడకు ఫోన్ చేశాను. విషయం వివరించాను. ఇది పరిశీలన నిమిత్తం తప్ప మరోలా భావించవద్దని కూడా చెప్పాను.

"అయ్యో, ముందే అడగాల్సిందండీ! తోడు చోటు అక్కకి రాయించేశాను. వచ్చే ఓడకి ఇద్దరం వస్తున్నాం. ఇంక మన దగ్గరే ఉంటుంది."

"మంచిదే," అన్నాను.

"ముందుగది ఖాళీ చేయించండి. ఆవిడకి ఆ గదే నయం. వెలుతురు బాగా వస్తుంది."

"అందులో నా ఓడ ఉంది."

ఇది కాస్త వివరించాలి. ప్రతి ప్రయాణం చివరా కంపెనీ మాకు నమూనా ఓడ భాగం ఒకటి బహుమతిగా ఇచ్చేది. ఏటా ఒక ముక్క చొప్పున ఆ గదిలోనే కూర్చి, బిగించి, నిలబెట్టాను. ఇప్పుడది ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా ఉంది. దాని పొగగొట్టాలు కిటికీకి అడ్డంగా ఉన్నాయి.

"తీసేయండి మరి," అంది మా ఆవిడ. "అక్కకి కిటికీ కావాలి."

తార్కికంగా నా వాదనలో లోపం లేదు. పెద్ద ఓడే మేలు, ఒకే కంపెనీ మేలు, దిగకుండా కూర్చోవడం మరీ మేలు. పాఠకులు నిస్సంకోచంగా పాటించవచ్చు. నాకు వ్యవధి లేదు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను. మా ఓడ ఇంటి తలుపులోంచి బయటికి పట్టడం లేదు. పక్కకు తిప్పాను, నిలువుగా ఎత్తాను, తమ్ముడిని సాయం పిలిచాను. విడదీస్తే తప్ప లాభం లేదని ఇద్దరం ఒక అభిప్రాయానికి వచ్చాం. మా జీవితంలో మేమిద్దరం ఏకీభవించడం ఇదే మొదటిసారి.

వాడు స్క్రూడ్రైవర్ తేవడానికి వెళ్లాడు. నేను పొగగొట్టాలు చేత్తోనే ఊడబీకుతున్నాను. ఒకటి వచ్చింది. గదిలో కొంచెం ఎండ పడింది.