కోళ్ళ పునఃప్రదానం

"నా పాలనలో మాలిగావ్ పేదరాలి పెరట్లో పాత మేయరు కోడి ఒక్కటి కూడా మిగలదు" అని మా కొత్త మేయర్ డెల్ఫిన్ కాబ్రెసోస్ ప్రమాణస్వీకారం నాడే ప్రకటించారు. ఇచ్చిన మాటను ఇంత అక్షరాలా నెరవేర్చిన నాయకుణ్ణి మా సమర్ దీవి అంతకుముందు ఎరగదు.

కోళ్ళ పూర్వాపరాలు చెప్పాలి. పాత మేయరు ఎస్పినెలి పేద స్త్రీలకు పెట్టలు పంచి, ప్రతి పెట్ట కాలికీ తన పార్టీ ఊదారంగు ప్లాస్టిక్ రింగు తొడిగించారు. ఆ తరవాత ఆయన వాటిని మరిచిపోయారు. పెట్టలు మాత్రం గుడ్లు పెట్టడం మరవలేదు. మా పొరుగింటి నెనీటా, భర్త చేపలవేటలో పోయాక రాజధాని మనీలాలో పనిమనిషిగా చేరవలసిన మనిషి, ఆ గుడ్లమ్ముకుని తన ఇద్దరు పిల్లల దగ్గరే నిలిచిపోయింది. వానలకు ముందు కొక్కెర తెగులు టీకా పడితే చాలు, పెట్టలు బతుకుతాయి. పెట్టలు బతికితే ఆమె ఊళ్ళోనే ఉంటుంది.

టీకాలు వచ్చాయి. పశువైద్య సహాయకుడు ఉబాల్డో ఐసు పెట్టెతో ఆమె పెరట్లోకి వచ్చి, పెట్ట కాలు చూసి, మూత మళ్ళీ బిగించాడు.

"ఊదా కాళ్ళకి వెయ్యొద్దన్నారక్కా."

"రోగం రింగు రంగు చూసి వస్తుందేంట్రా?"

"రోగం సంగతి తెలీదు. నాకు ట్రాన్స్‌ఫరు మాత్రం రంగు చూసే వస్తుంది."

"అయితే కత్తెర తెస్తానుండు, కోసి పారేద్దాం."

"కోస్తే అనాథ కోడవుతుంది. అనాథ కోళ్ళకి స్కీము లేదు."

అందుచేత నెనీటా మేయరు గారి దగ్గరికి వెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను. ఉబాల్డో అప్పటికే అక్కడ ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేయరు గారు మాకు కుర్చీలు వేయించారు.

"టీచరమ్మా, చదువుకున్నవారు, మీరే చెప్పండి. ఇప్పుడు టీకా వేస్తే బతికేవి ఎవరి కోళ్ళు?"

"నెనీటా కోళ్ళు" అన్నాను.

నా అమాయకత్వానికి ఆయన జాలిపడ్డారు. "ఎస్పినెలి కోళ్ళమ్మా! నా టీకాతో ఆయన కోళ్ళు బతకడమా?"

ఆయన ఆలోచించి, అక్కడికక్కడే పరిష్కారం కనిపెట్టారు. స్త్రీలందరూ పెట్టలను మునిసిపాలిటీకి తిరిగి అప్పగించాలి. అదే రోజు, అదే వేదిక మీద, అవే పెట్టలను నారింజరంగు రింగులతో మేయరు గారి చేతులమీదుగా స్వీకరించాలి. టీకా ఆ తరవాత.

"ముందు టీకా వేసి, కొన్నాళ్ళాగి పోగేస్తే మేలు సార్" అని ఉబాల్డో నసిగాడు. "అన్ని ఊళ్ళ కోళ్ళూ ఒక్కచోట..."

"ఒక్కచోట లేకపోతే ఫోటో ఎలా వస్తుందయ్యా?"

ఉత్సవం రేకులకప్పు బాస్కెట్‌బాల్ కోర్టులో జరిగింది. మునిసిపాలిటీ కింది ఊళ్ళ ఊదా కాళ్ళ కోళ్ళన్నీ వెదురు బుట్టల్లో ఒకదాని మీద ఒకటి. పాదిరిగారు పవిత్రజలం చల్లారు. మేయరు గారు స్త్రీశక్తి గురించి సుదీర్ఘంగా ప్రసంగించారు. ఆ సమయంలో కొన్ని పెట్టలు మెడలు వాల్చి, కళ్ళు మూసుకుని తూగసాగాయి. సభికులందరూ అదే స్థితిలో ఉన్నందువల్ల ఎవరికీ అనుమానం రాలేదు.

"ఇది నా పెట్ట కాదు బాబూ, నాది నల్లముక్కుది" అంది నెనీటా, వేదిక మీద.

"తీసుకోమ్మా, అన్నీ మేయరు గారివే" అన్నాడు గుమాస్తా.

అలా ఏ ఊరి పెట్ట ఏ ఊరికి చేరిందో తెలియకుండా తెగులు సైతం న్యాయంగా పంపిణీ అయింది. మర్నాడు వేయవలసిన టీకా, మునిసిపాలిటీ సిబ్బందికి ఉత్సవశ్రమ సెలవు ఇచ్చినందున వాయిదా పడింది. ఉబాల్డో మళ్ళీ ఐసు పెట్టెతో వచ్చేసరికి నెనీటా పెరట్లో గొయ్యి తవ్వుతోంది.

"ఇప్పుడు వెయ్యరా నాయనా" అందామె. "కాళ్ళన్నీ నారింజే."

మునిసిపల్ వార్షిక నివేదికలో పాత మేయరు కోళ్ళ సంఖ్య సున్నాకు చేరింది.

నెలాఖరున, ఓడెక్కి సముద్రం దాటే మనీలా బస్సు స్టాండులో పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. బస్సు కన్నా పొడవైన మేయరు గారి ముఖం, దాని కింద: "మన కోళ్ళ పథకంతో ఎదిగి రాజధానిలో కొలువులు సాధించిన మహిళామణులకు అభినందనలు!" నెనీటా సంచి పట్టుకుని వరుసలో నిలబడింది. సాగనంపడానికి నేనూ వెళ్ళాను. పిల్లలిద్దరూ ఇకపై తమను చూసుకోబోయే అమ్మమ్మ గౌను వదలలేదు. మేయరు గారు స్వయంగా వచ్చి ఆమె చేయి పట్టుకుని కెమెరా వైపు తిరిగారు.

"ఎక్కడమ్మా ఉద్యోగం?"

"మీ అక్కగారింట్లో వంట సార్. ఆవిడకి రోజూ కోడి పులుసు ఉండాలట."

"చూశారా టీచరమ్మా!" అన్నారు మేయరు గారు, పట్టిన చేయి వదలకుండా. "కోళ్ళలో వచ్చిన అనుభవం ఎక్కడికి పోతుంది?"