సైరన్‌లో నీళ్లు

ఒక పెద్ద అడవిలో, అంత పెద్ద అడవికీ కలిపి ఒకే ఒక్క రైలు ఉండేది. ఆ రైలు ఒక కొండచిలువ. పేరు నూకాలు. పొద్దున్నే కొండ దగ్గర బయల్దేరి, మధ్యాహ్నానికల్లా చెరువు చేరేది. కుందేళ్లు, ఉడతలు, కప్పలు వీపు మీద వరసగా కూర్చునేవి. ముళ్లపందికి మాత్రం టికెట్ ఇచ్చేవాళ్లు కాదు. అది ఎక్కితే రైలుకే ఇబ్బంది.

ఆ అడవికి ఫైరింజను కూడా ఒకటే. గున్నయ్య అనే ఏనుగు. ఎక్కడ మంట లేచినా తొండమెత్తి ఘీంకరిస్తూ పరిగెత్తడం అతని ఉద్యోగం.

రైలు దారీ, గున్నయ్య దారీ ఒక చోట అడ్డంగా కలుసుకుంటాయి. అక్కడొక ఎండిన టేకు కొమ్మ. ఆ కొమ్మ మీద కూర్చునే గేటు ఉద్యోగి పేరు గవరయ్య. ఊసరవెల్లి. ఒక కన్ను రైలు వైపు, ఇంకో కన్ను రోడ్డు వైపు. ఎడమ పక్క పచ్చగా, కుడి పక్క ఎర్రగా ఒకేసారి మారగలడు. అలాంటి పనివాడు చుట్టుపక్కల నాలుగు అడవుల్లో లేడని గవరయ్య నమ్మకం. ఆ మాట అతను తప్ప ఇంకెవరూ అనలేదనుకోండి, అది వేరే సంగతి.

అతనికి ఉన్న రూలు చాలా తేలిక. సైరన్ వినిపిస్తే రైలుని ఆపాలి. వినిపించకపోతే రైలే ముందు.

చిక్కేమిటంటే, గున్నయ్యకి ఒకటే తొండం. దాన్నిండా నీళ్లుంటే సైరన్ మోగదు. సైరన్ మోగిస్తే నీళ్లు మిగలవు.

ఈ సంగతి కనిపెట్టింది గవరయ్యే. కౌన్సిలుకి మూడు అర్జీలు పెట్టాడు. "అయ్యా, గున్నయ్య ముందు పరిగెత్తుతూ కూయడానికి ఒక అడవికోడిని నియమించండి" అని. మూడింటికీ ఒకటే జవాబొచ్చింది: "పరిశీలనలో ఉంది."

అయినా మూడేళ్లపాటు ఏ ప్రమాదమూ జరగలేదు. ఎందుకంటే గున్నయ్య నీళ్లు పట్టుకెళ్లేవాడే కాదు. దారంతా చెవులు చిల్లులు పడేలా మోగుతూ వెళ్లేవాడు, మంట ముందు ఖాళీ తొండంతో నిలబడేవాడు. కాసేపటికి కాలాల్సింది కాలిపోయి మంట దానంతటదే ఆరేది. అందరూ చప్పట్లు కొట్టేవారు.

ఒకరోజు కౌన్సిలు వారి రికార్డుల కొట్టం అంటుకుంది. గున్నయ్య ప్రమోషన్ ఫైలు ఆ కొట్టంలోనే ఉంది.

జీవితంలో మొదటిసారి గున్నయ్య తొండం నిండా నీళ్లు పట్టాడు. చడీచప్పుడూ లేకుండా పరిగెత్తాడు.

గవరయ్యకి సైరన్ వినిపించలేదు. రూలు ప్రకారం రైలుకి పచ్చ చూపించాడు, రోడ్డుకి ఎరుపు చూపించాడు. నూకాలు సగం దాటింది. మలుపు తిరిగి వచ్చిన గున్నయ్య ఎరుపు చూశాడు, కాళ్లు బిగబట్టాడు, జర్రున జారి నూకాలు నడుం మీద పడ్డాడు.

ఎవరి ప్రాణమూ పోలేదు. నూకాలు రెండు చెట్ల మధ్య మెలికపడి, నడుం దగ్గర పెద్ద ముడి పడింది. ప్రయాణికులందరికీ స్నానాలయ్యాయి. ఈత రాదని ఇన్నాళ్లూ దాచిన ఒక కప్ప గుట్టు బయటపడింది.

రికార్డుల కొట్టం బూడిదైంది. అందులో గున్నయ్య ప్రమోషన్‌తోపాటు గవరయ్య పెట్టిన మూడు అర్జీలూ పోయాయి.

మర్నాడే కొంగ అధ్యక్షతన విచారణ కమిషన్ వేశారు. కొంగ చాలా నిష్పాక్షికంగా ఉంటుందని పేరు. ఎవరి వైపూ మొగ్గకుండా ఒంటికాలి మీద నిలబడుతుంది కదా మరి. కౌన్సిలు అధ్యక్షుడు ఎలుగుబంటి, కార్యదర్శి ముంగిస చెరో పక్కన కూర్చున్నారు.

"ఆ రోజు నువ్వు ఏ రంగులో ఉన్నావు?" అని అడిగింది కొంగ.

"రోడ్డు వైపు ఎర్రగా ఉన్నానండి" అన్నాడు గవరయ్య. భయానికి అతని ఒళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"రాసుకోండి" అంది ముంగిస. "ఎరుపు అంటూ తెల్లగా ఉన్నాడు. మాటకీ ఒంటికీ పొంతన లేదు."

"భయమేసి తెల్లబడ్డానండీ!"

"తప్పు చెయ్యనివాడికి భయమెందుకు?"

గవరయ్య ఇంకా తెల్లబడ్డాడు. "అయ్యా, నేను మూడు అర్జీలు పెట్టుకున్నాను. అడవికోడి కావాలని..."

"ఏవీ, చూపించు."

"కాలిపోయాయండి."

"చూశారా! కాల్చేశాడు!" అన్నాడు ఎలుగుబంటి.

గున్నయ్యని పిలిచారు. "సైరన్ మోగలేదు సరే, నోటితో అరవకూడదా?" అని అడిగింది కొంగ.

"అరిస్తే అది కేక అవుతుంది సార్, సైరన్ కాదు. రూల్లో సైరన్ అనే ఉంది" అన్నాడు గున్నయ్య. ఆ జవాబు కమిషన్‌కి తెగ నచ్చింది.

ఆ సాయంత్రం ముంగిస, ఎలుగుబంటి చెవిలో ఊదింది. "బాధ్యత ఎవరి మీదైనా పెట్టాలి సార్. ఏనుగు మీద పెడితే, ఒక్క తొండం ఉన్నదాన్ని కొన్నదెవరని అడుగుతారు. కొన్నది మీరు. రైలు మీద పెడితే, టికెట్లు అమ్మేదెవరని అడుగుతారు. అమ్మేది నేను. మిగిలింది గేటువాడు. వాడసలే రంగులు మార్చే రకం, నమ్మేవాడెవడు?"

"నమ్మడం వేరు, రుజువు వేరు కదయ్యా."

"రుజువు నేను చూసుకుంటాను. కమిషన్ ఎదుట ప్రమాదం మళ్లీ చేయిద్దాం. ఉన్నది ఉన్నట్టుగా."

ఆ సంగతి తెలిసి గవరయ్యకి తిండి సహించలేదు. ఉద్యోగం పోతే తన గతేమిటో అతనికి తెలుసు. కంచె మీద తొండల గుంపులో చేరాలి. పొద్దస్తమానం వచ్చేపోయేవాళ్లందరికీ తల ఊపాలి. రెండు రంగులు ఒకేసారి చూపించగలిగిన మొనగాడు తల ఊపుకుంటూ బతకడమా!

గున్నయ్య వచ్చి పలకరించాడు. "ఏం బావా, దిగులా?"

"నువ్వు నీళ్లు పట్టకుండా ఉంటే నాకీ తిప్పలు ఉండేవి కావు బావా."

"ఒక్కసారి డ్యూటీ చేశాను. ఒక్కసారే! ఇంత గొడవవుతుందని ఎవడికి తెలుసు?" అని గున్నయ్య కళ్లు తుడుచుకున్నాడు.

విచారణ రోజు రానే వచ్చింది. గవరయ్య డ్యూటీకి వెళ్లేసరికి అతని ఎండుకొమ్మ గుర్తుపట్టలేకుండా ఉంది. మొదలు నుంచి చివరిదాకా లేత పచ్చని ఆకుల తోరణాలు.

"కమిషన్ వారికి స్వాగతం" అంది ముంగిస, పళ్లన్నీ కనబడేలా.

గవరయ్యకి ఎత్తు అర్థమైంది. పచ్చటి ఆకుల మధ్య కూర్చుంటే ఏ ఊసరవెల్లి ఒళ్లయినా పచ్చబడుతుంది. అది జాతి గుణం, ఆపుకుంటే ఆగేది కాదు. రోడ్డుకి పచ్చ కనబడితే గున్నయ్య ఆగడు. గున్నయ్య ఆగకపోతే తప్పు గవరయ్యది.

అటు కొండ దగ్గర నూకాలు సిద్ధమైంది. నడుం ముడి ఇంకా విడలేదు. దగ్గరుండి చూడాలని కమిషనూ, కౌన్సిలూ మొత్తం ఆవిడ వీపెక్కారు. ముడి దగ్గర సీటు ఎత్తుగా ఉందని దాన్ని ఎలుగుబంటి అధ్యక్షుడికి కేటాయించారు. ముంగిస తోక దగ్గర కూర్చుంది. రైల్లో పాతకక్షలు చెల్లవని రూలుంది గానీ, తల దగ్గర కూర్చునే ధైర్యం దానికి లేకపోయింది.

"నూకాలమ్మా, నెమ్మదిగా!" అన్నాడు ఎలుగుబంటి.

"నెమ్మదిగా పోతే ప్రమాదం జరగదు కదా బాబూ, ఉన్నది ఉన్నట్టు చెయ్యమన్నారు" అని నూకాలు ఊపందుకుంది.

ఇటు గవరయ్య తోక కొసన పచ్చదనం మొదలైంది. కాళ్లలోకి పాకింది. పొట్ట మీదికొచ్చింది. ఎడమ కంటికి నూకాలు కనబడుతోంది. కుడి కంటికి తొండం నిండా నీళ్లతో, మూతి బిగించుకుని పరిగెత్తుకొస్తున్న గున్నయ్య కనబడుతున్నాడు. కళ్లు మూసుకుంటే కంచె, దాని మీద తలలూపే తొండలు కనబడుతున్నాయి.

ఆ తొండల వెనకాల మూడు అర్జీలు కనబడ్డాయి. "పరిశీలనలో ఉంది. పరిశీలనలో ఉంది. పరిశీలనలో ఉంది."

గవరయ్యకి జన్మలో రానంత కోపం వచ్చింది. ముక్కు దగ్గర మొదలై తోక దాకా, అటూ ఇటూ రెండు పక్కలా మోదుగుపువ్వులా భగ్గుమన్నాడు. అన్ని పచ్చని ఆకుల మధ్య ఆ ఎరుపు అరకోసు దూరానికి కనబడింది.

ఎరుపు చూసి నూకాలు ఠక్కున ఆగింది. సరిగ్గా రోడ్డుకి అడ్డంగా.

ఎరుపు చూసి గున్నయ్య కూడా కాళ్లు బిగబట్టాడు. జర్రున జారాడు. వెళ్లి వెళ్లి ముడి మీదే పడ్డాడు. ఆ దెబ్బకి వారం రోజులుగా విడని ముడి ఫట్టున విడిపోయింది. దాని మీద కూర్చున్న అధ్యక్షుడు గాల్లోకి లేచి, ఇంటి ముందు కూర్చున్న ముళ్లపంది మీద పడ్డాడు. కొంగ మొదటిసారి రెండో కాలు నేల మీద పెట్టింది.

"అమ్మయ్య!" అని నూకాలు ఒళ్లు విరుచుకుంది. "ఇలాంటి విచారణ మొదటి రోజే చేస్తే బాగుండేది."

"ఎర్రగానే ఉన్నాడు. నేను చూశాను" అంది కొంగ. చూడలేదనడానికి దానికి కూడా దారి లేకపోయింది. ముంగిస తోరణాల వైపు చూసి నాలుక కొరుక్కుంది.

ఎలుగుబంటి ఒళ్లంతా ముళ్లతో కుంటుకుంటూ వచ్చి గున్నయ్య ఎదురుగా నిలబడ్డాడు. "ఏరా! ఈసారైనా సైరన్ ఎందుకు మోగించలేదు?"

గున్నయ్య మూతి బిగించుకుని గవరయ్య వైపు దీనంగా చూశాడు. తొండంలో నీళ్లు చుక్క కూడా పోలేదు.

"అయ్యగారూ, ఆ ప్రశ్న వద్దండి!" అని కొమ్మ మీంచి అరిచాడు గవరయ్య.

"వద్దంటావేంట్రా? అధ్యక్షుడు అడుగుతుంటే జవాబు చెప్పాల్సిందే! చెప్పు, ఎందుకు మోగలేదు?"

గున్నయ్య జవాబు చెప్పాడు. ఆ జవాబుకి ఎలుగుబంటి, ముంగిస, కొంగ, కమిషన్ కాగితాలూ అన్నీ కొట్టుకుపోయి మడుగులో తేలాయి. నీళ్లన్నీ అయిపోయాక సైరన్ బ్రహ్మాండంగా మోగింది.

నెల తర్వాత నివేదిక వచ్చింది.

"ఊసరవెల్లి ఎర్రగానే ఉన్నాడు. ఏనుగు వేగంగానే ఉంది. రైలు పొడవుగానే ఉంది. ఎవరి పని వారు చేశారు. సైరన్ మోగకుండా అడ్డుపడినవి నీళ్లు. కనుక ప్రమాదానికి పూర్తి బాధ్యత నీళ్లదే. ఇకమీదట ఫైరింజన్‌లోకి నీళ్లను రానివ్వకూడదు. పెద్దల ఎదుట ఎర్రబడినందుకు గేటు ఉద్యోగికి మందలింపు."

గవరయ్య ఆ మందలింపుని మడిచి కొమ్మ తొర్రలో భద్రంగా దాచుకున్నాడు. ఉద్యోగం నిలిచింది, అదే పదివేలు.

ఆ ఎండాకాలం కౌన్సిలు వారి కొత్త భవనం అంటుకుంది. సైరన్ మోగింది. గవరయ్య రోడ్డుకి పచ్చ చూపించాడు. నూకాలు మర్యాదగా ఆగింది. గున్నయ్య కన్ను మూసి తెరిచేలోగా చేరాడు. దారిలో చీమ కూడా అడ్డు రాలేదు. మంట ముందు నిలబడి, తొండమెత్తి, గంటసేపు ఏకధాటిగా మోగాడు.

చెరువులో పీకల్లోతు నీళ్లలో నిలబడి, కాలుతున్న భవనాన్ని చూస్తూ ఎలుగుబంటి అన్నాడు, "సైరన్ బాగుందయ్యా."

"సమయానికి చేరుకున్నాడు" అని ముంగిస తడి ఆకు మీద రాసింది.

తిరిగొస్తున్న గున్నయ్యని గవరయ్య ఆపాడు. "బావా, మంట ఆరిందా?"

"అదంతా నాకేం తెలుసు బావా? నా పని మోగడం. మోగాను."

ఆ రోజు ఏ రంగులోకి మారాలో తెలీక గవరయ్య చాలాసేపు రంగు లేకుండానే కూర్చున్నాడు. తర్వాత నాలుగో అర్జీ రాయడం మొదలుపెట్టాడు.

నీతి: సైరన్ మోగుతున్నంతసేపూ మంట ఆరిపోతున్నట్టే లెక్క.