ఇన్‌స్పెక్టర్ గారి కుక్కను తిప్పితే కలుగు లాభములు

చెరుకు ఇన్‌స్పెక్టర్ రామ్‌దాస్ గారు తెల్లారి లేచి చూసేసరికి వాకిట్లో గిన్నె ఉంది, గిన్నెలో పాలున్నాయి, తాగాల్సిన టైగర్ లేదు!

గొలుసు కూడా లేదు.

కంగారు పడకండి పాఠకులారా! కుక్కను రోజూ నడిపించడం వల్ల కలిగే లాభాలు మీకు చెప్పడానికే ఈ సంగతి ఎత్తుకున్నది. ఆకలి, నిద్ర, రక్తప్రసరణ... ఇవన్నీ పట్నం డాక్టర్లు చెప్పే చిల్లర లాభాలు. అసలు లాభం తెలియాలంటే రుద్రూర్ వైపు రావాలి.

అక్కడొక చెరుకు మిల్లు. పేరెందుకు లెండి! మిల్లు కటింగ్ ఆర్డర్ ఇస్తేనే రైతు చెరుకు నరకాలి. ఇన్‌స్పెక్టర్ చేనుకొచ్చి, పంట చూసి, సంతకం పెడితేనే ఆర్డర్. ఆయనకేమో మోకాళ్ల నొప్పి. గట్ల మీద జీపు పోదాయె! మరి ఎవరి పంట ముదిరిందో తెలిసేదెలా? రైతు భక్తిని బట్టి. భక్తి తెలిసేదెలా? టైగర్‌ను షికారు తిప్పినదాన్ని బట్టి!

అయ్యూబ్ మూడు రోజులు తిప్పాడు. నాలుగో రోజు ఆర్డర్ వచ్చింది. సాయవ్వకు కుక్కంటే భయం. ఆమె చెరుకంతా ఆర్డర్ రాక ఎండి, పొయ్యిలోకే పోయింది. ఇంతకన్నా రుజువేం కావాలి?

బాపురావు ఇరవై రోజులుగా తిప్పుతూనే ఉన్నాడు. అతని రెండెకరాల చెరుకు పూతకొచ్చి ఎండుతోంది. ఇంకో వారం దాటితే అదీ వంటచెరకే. అడిగినప్పుడల్లా ఇన్‌స్పెక్టర్ గారిది ఒకటే మాట.

"నీ చేను నేను స్వయంగ జూసిన బాపురావ్. ఇంకా లేతగుంది. రేపు జర జల్ది రా, టైగర్ ఆగుతలేదు."

రిజిస్టర్లోనూ అదే రాశారు: స్వయంగా చూశాను, లేత.

సరే, నేరపరిశోధనకు వద్దాం. వాకిట్లో దుమ్ము మీద గొలుసు ఈడ్చిన గీత! గీత గేటు దాటింది, కాలువ దాటింది, గట్టెక్కింది. రామ్‌దాస్ గారూ ఎక్కారు. చెప్పు తెగింది. పంచె బురదయింది. మోకాళ్ల నొప్పి ఏమైందో ఆయనకే తెలియదు!

నాట్లేస్తున్న గంగమణి నడుమెత్తి చూసింది.

"మీ కుక్కనా సారూ? గీ గట్టెంబడే పోయింది. మీకన్న అదే నయం, మస్తు జోరుగ నడుస్తది!"

మూడు మైళ్లు! నౌకరీలో చేరాక ఆయన అంత దూరం నడవడం అదే మొదలు.

చివరికి ఒక చెరుకు దుబ్బుకు కట్టేసి ఉంది టైగర్, తోకాడిస్తూ. రొప్పుతూ వెళ్లి ఆయన ఊతానికి ఒక గడను పట్టుకున్నారు. అది ఫెళ్లున విరిగింది. లోపల రసం లేదు, ఎండు బెండు!

ఇన్‌స్పెక్టర్ గారిలోని ఉద్యోగి మేలుకున్నాడు.

"ఎవనిదిరా గీ చేను? గింత ఎండెదాంక ఎందుకు నరకలే?"

దుబ్బుల్లోంచి బాపురావు చేతులు జోడించి బయటికొచ్చాడు.

"నాదే సారూ. మీరు స్వయంగ జూసిన చేనే. కుక్కను తెచ్చింది గూడ నేనే. ఇరవై దినాల సంది దీన్ని తిప్పిన. పాపం, ఇది రోజూ వచ్చి నా చెరుకు జూసింది. గని సంతకం పెట్టెతందుకు దానికి చెయ్యి లేకపాయె. గందుకే ఇయ్యాల మిమ్మల్ని తిప్పిన."